మాల్బెక్ తోటకు 1,400 మీటర్ల ఎత్తు ఏం చేస్తుంది?

మదనపల్లె దగ్గర్నుంచి ఒక యువరైతు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అన్నయ్య అమెరికా నుంచి అర్జెంటీనా మాల్బెక్ (ఒక నల్ల ద్రాక్ష రకం) వైన్ సీసా ఒకటి తెచ్చారట. లేబుల్ మీద 1,400 మీటర్ల ఎత్తులో పండిన ద్రాక్ష అని పెద్ద అక్షరాలతో ఉందట. ఎత్తులో పండితే ద్రాక్షకు ఏమవుతుంది, అందులో నేల పాలెంత, హార్స్‌లీ కొండ పక్కన తమకున్న నాలుగెకరాల గరప నేలలో వేస్తే అలాంటి పండు వస్తుందా అని ఆయన సందేహం.

నేను మేడ్చల్ వైపు అనాబ్‌షాహి ద్రాక్ష పందిళ్ళ కింద పెరిగినవాణ్ణి. తర్వాత అర్జెంటీనాలో మెండోసా రాష్ట్రం ఊకో లోయలోని ద్రాక్ష తోటల్లో పదకొండు కోతలు చూశాను. రెండు చోట్లా తీగను చేత్తో పట్టుకున్న అనుభవంతో చెప్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు సంగతి. ఎండ, వేడి అనే రెండు మాటలనూ మనం కలిపే వాడతాం. ద్రాక్ష తీగకు మాత్రం అవి రెండూ వేర్వేరు. ఎండ కావాలి, ఎంత ఉంటే అంత మంచిది. వేడి మాత్రం కొలతలోనే ఉండాలి. మైదానంలో ఈ రెండూ జంటగానే వస్తాయి, విడదీయలేం. మెండోసాలో ఆండీస్ పర్వతాల వాలు ఎక్కేకొద్దీ ఎండ అలాగే ఉంటుంది, ఇంకా చురుక్కుమంటుంది కూడా. వేడి మాత్రం తగ్గుతూ పోతుంది. ఎత్తు చేసే మేలంతా ఈ విడదీయడంలోనే ఉంది. ఇక నేల చేసే పని ఇంకొకటి. తీగకు నీళ్ళు ఎప్పుడు, ఎంత అందాలో రైతు చేతిలో పెడుతుంది. ఈ రెండూ కుదిరాయి కాబట్టే ఆ సీసాలో ఆ రుచి. ఒక్క ఎత్తే ఉండి ఉంటే వచ్చేది కాదు.

మెండోసా 33 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది. పసిఫిక్ సముద్రం మీదుగా వచ్చే తేమ గాలి అంతా చిలీ వైపే కురిసి, ఆండీస్ దాటేసరికి ఎండిపోతుంది. మెండోసాకి ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన. మన అనంతపురంలో కురిసేదాంట్లో సగం కూడా లేదు. నిజానికి అది ఎడారి. పచ్చగా కనిపించేదంతా మంచు కరిగిన నీళ్ళతో మనుషులు పెంచిందే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎత్తు 100 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత రమారమి 0.6 డిగ్రీలు తగ్గుతుంది. మెండోసా నగరం దగ్గర్లోని లుహాన్ దె కూయో తోటలు చాలావరకు 900 నుంచి 1,100 మీటర్ల మధ్య ఉంటాయి. ఊకో లోయలో తుపుంగాతో పరిధిలో గ్వాల్తయారి అనే ప్రాంతం ఉంది, అక్కడి తోటలు 1,500 మీటర్లు కూడా దాటుతాయి. అంటే కారులో గంట, గంటన్నర ప్రయాణంలో మూడు డిగ్రీల తేడా. మూడు డిగ్రీలంటే చిన్నదిగా అనిపిస్తుంది. కానీ ద్రాక్ష తీగ 10 డిగ్రీల పైన ఉన్న వేడినే లెక్కలోకి తీసుకుంటుంది, రోజూ దాన్ని కూడబెట్టుకుంటూ పోతుంది. రోజుకు మూడు డిగ్రీల చొప్పున ఆర్నెల్లు తగ్గితే కోత రెండు మూడు వారాలు వెనక్కి జరుగుతుంది. కింది తోటల్లో వేసవి వేడి ఇంకా తగ్గకముందే పండేది, పై తోటల్లో చలి మొదలయ్యే మార్చి చివర, ఏప్రిల్‌లో పండుతుంది. (అక్కడి రుతువులు మనకు తలకిందులు. జనవరి నడి వేసవి.) పండు చివరి నెల ఎలాంటి వాతావరణంలో గడిపిందన్నదే రుచిని తేలుస్తుంది.

రాత్రుల సంగతి ఇంకా ముఖ్యం. గాలిలో తేమ లేదు, ఆకాశంలో మబ్బు లేదు. పొద్దు గూకగానే నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది. పగలు 30 డిగ్రీలుంటే తెల్లవారుజాముకి 12, 13కి పడిపోవడం మామూలే. కోతల రోజుల్లో పొద్దున ఆరున్నరకి కూలీలు ఉన్ని టోపీలు, స్వెట్టర్లు వేసుకుని వచ్చేవాళ్ళు. పదకొండయ్యేసరికి అవన్నీ విప్పి తీగల మీద ఆరేసేవాళ్ళు. తొలి గంటలో కోసిన గుత్తి చేతిలో పెట్టుకుంటే కుండలో నీళ్ళంత చల్లగా ఉండేది. మధ్యాహ్నం కోసింది గోరువెచ్చగా. నాకు మొదటి ఏడాది ఇదే వింతగా తోచింది. మేడ్చల్‌లో ఏప్రిల్ నెలలో రాత్రి రెండింటికి కూడా పందిరి కింద గాలాడేది కాదు.

ఆ చల్లదనం పులుపును కాపాడుతుంది. ద్రాక్షలో రెండు ప్రధానమైన పులుపులు ఉంటాయి. ఒకటి టార్టారిక్ ఆమ్లం, మన చింతపండులో ఉండేది అదే. రెండోది మాలిక్ ఆమ్లం, ఆపిల్‌లో ఉండే పులుపు. చింతపండు పులుపు గట్టిది, వేడికి అంత తొందరగా లొంగదు. ఆపిల్ పులుపును మాత్రం పండు తన ఊపిరి కోసం కాల్చేసుకుంటుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ కాల్చేస్తుంది. వేడి ప్రాంతంలో ద్రాక్ష తియ్యగా ఉంటుంది, కానీ చప్పబడిపోతుంది. పచ్చడిలో ఉప్పూ కారం సరిపోయి పులుపు తగ్గితే ఎలా ఉంటుందో, పులుపు లేని వైన్ కూడా అంతే. వైనరీలో బయటి నుంచి టార్టారిక్ కలిపి సరిచేస్తారు. అయినా తోటలో నిలిచిన పులుపుకి అది సాటి రాదని నా నాలుక చెప్తుంది.

ఇక రంగు, వగరు. మాల్బెక్ తొక్కలోని ముదురు ఊదా రంగు ఆంథోసయనిన్లు అనే పదార్థాలది. ఒక మోస్తరు వేడిలో అవి బాగా తయారవుతాయి. 35 డిగ్రీలు దాటితే తయారీ మందగిస్తుంది, ఉన్న రంగు కూడా విరిగిపోతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నల్ల ద్రాక్షకి రంగు సరిగా పట్టకపోవడానికి కారణాల్లో ఇదొకటి. ఎత్తుకు వెళ్తే ఆ బాధ తగ్గుతుంది. దానికి తోడు ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు పదో వంతు పెరుగుతాయి. వాటి నుంచి గింజను కాపాడుకోవడానికి పండు తన తొక్కనే గొడుగులా వాడుకుంటుంది, రంగునీ వగరునీ అందులోకి ఎక్కువగా చేరుస్తుంది. ఇది మాటవరసకి చెప్తున్నది కాదు. మెండోసాలోని కూయో జాతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఊకో లోయలో 1,450 మీటర్ల ఎత్తున్న మాల్బెక్ తోటలో కొన్ని తీగల మీద ఆ కిరణాలను ఆపే పాలియెస్టర్ పొరలు కప్పి చూశారు. పొర లేకుండా పూర్తి ఎండ తిన్న తీగల పండ్ల తొక్కల్లో రంగు, వగరు ఇచ్చే పదార్థాలు ఎక్కువగా తేలాయి. అదే తీగల్లో పండు బరువూ దిగుబడీ తగ్గాయి. ఈ రెండో సంగతిని రైతుగా మీరు గట్టిగా గుర్తుంచుకోవాలి. తీగ తనను తాను కాపాడుకోవడానికి పెట్టే ఖర్చు మన టన్నుల్లోంచే పోతుంది.

కోత రోజు ఎలా నిర్ణయిస్తామో చెప్తాను, అప్పుడు ఇదంతా ఒక్కచోట కనిపిస్తుంది. వరుసలో పది తీగలకు ఒకటి చొప్పున ఆగి, గుత్తి పైనుంచి ఒక పండు, కిందనుంచి ఒక పండు నోట్లో వేసుకుంటాం. గుజ్జు మింగేసి, తొక్కను దవడ పళ్ళ మధ్య పది పదిహేను సార్లు నమలాలి. పచ్చి తొక్కైతే పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. పక్వానికి వచ్చిన తొక్క వగరుగానే ఉంటుంది, కానీ మెత్తగా జారుతుంది, నమిలినకొద్దీ పాకంలో పడ్డ నేరేడు వాసన వస్తుంది. తర్వాత గింజ. అరచేతిలోకి ఉమ్మి చూస్తే ఆకుపచ్చగా ఉంటే ఇంకా ఆగాలి. గోధుమ రంగుకి తిరిగి, కొరికితే వేయించిన గింజలా టక్కున విరగాలి. కింది వేడి తోటల్లో నాకు ఎప్పుడూ ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, రసంలో తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చక్కెర 24 బ్రిక్స్ (నూటికి 24 పాళ్ళు) దాటిపోయేది, గింజ ఇంకా పచ్చగానే ఉండేది. చక్కెర గుర్రమెక్కి పరిగెత్తితే గింజ ఎద్దుబండిలో వచ్చేది. ఆగితే ఆల్కహాల్ పెరిగిపోతుంది, కోస్తే పచ్చి వగరు. గ్వాల్తయారిలో ఆ రెండూ దాదాపు ఒకేసారి గమ్యం చేరతాయి. ఎత్తు ఇచ్చే వరం ఏదని నన్నడిగితే పులుపూ రంగూ తర్వాత, ముందు ఇదే అంటాను.

చరిత్ర రెండు మాటల్లో. మాల్బెక్ ఫ్రాన్సు నైరుతిలోని కావోర్ ప్రాంతపు రకం. 1853లో మిషెల్ పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు దాన్ని ఇతర ఫ్రెంచి రకాలతో పాటు అర్జెంటీనాకు తీసుకొచ్చాడు. ఫ్రాన్సులో అది చిన్నబోయింది, ఆండీస్ కింద వెలిగింది. అయినా నూటనలభై ఏళ్ళ దాకా మెండోసా తోటలు చాలావరకు కింది భూముల్లోనే. పైన చలికి పండవని, గడ్డకట్టే మంచుకి మాడిపోతాయని నమ్మకం. 1992లో నికోలాస్ కటేనా అనే వైన్ తయారీదారు గ్వాల్తయారిలో సుమారు 1,450 మీటర్ల ఎత్తున తోట వేసి, చిన్న కూతురు ఆద్రియానా పేరు పెట్టారు. ఆ తోట పండిన తర్వాతే మిగతావాళ్ళు పైకి ఎక్కారు.

ఇప్పుడు నేల. ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే నాకు మెండోసా నేర్పిన పాఠాల్లో సగం గోతుల్లో నేర్చుకున్నవే. అక్కడ తోట వేసేముందు మనిషి లోతు గొయ్యి తీస్తారు, కాలికాతా అంటారు దాన్ని. మొదటిసారి నన్ను దించిన గొయ్యి ఒకటిన్నర మీటరు లోతు. పైన రెండు జానల మేర లేత బూడిద రంగు ఇసుకమట్టి, చేత్తో రుద్దితే పిండిలా జారిపోయేది. దాని కింద పిడికిలంత, తలకాయంత గుండ్రటి రాళ్ళు, నది దొర్లించిన రాళ్ళు. ఒక రాయిని ఊడబెరికి తిప్పి చూశాను. పైభాగం మామూలు రాయి రంగు, అడుగుభాగానికి సున్నం కొట్టినట్టు తెల్లటి పూత. పెద్దాయన ఒకరు జేబులోంచి చిన్న సీసా తీసి పలచని ఆమ్లం రెండు చుక్కలు వేశారు. ఆ తెల్లటి పూత సోడాలా బుసబుసా పొంగింది. సున్నం అది. ఆ రాళ్ళ సందుల్లోంచి పెన్సిల్ లావు వేరు ఒకటి వంకర్లు తిరుగుతూ కిందికి దిగి, తెల్లటి గట్టి పొర తగలగానే అడ్డంగా తిరిగి, ఆ పొర మీదే సన్నటి పిల్ల వేళ్ళను వలలా పరుచుకుంది.

ఇవన్నీ ఎలా వచ్చాయంటే, ఆండీస్ నుంచి దిగే నదులు కొండ పాదం దగ్గర ఒక్కసారిగా వేగం కోల్పోయి మోసుకొచ్చిన బరువును విసనకర్ర ఆకారంలో దింపేశాయి. పెద్ద రాళ్ళు కొండకు దగ్గరగా, ఇసుక ఆ తర్వాత, ఒండ్రు, బంకమట్టి ఇంకా దిగువన. అందుకే పైకి వెళ్ళేకొద్దీ వాతావరణం ఒక్కటే కాదు, నేల కూడా మారుతుంది. ఎత్తు వల్ల వచ్చింది ఏది, రాళ్ళ వల్ల వచ్చింది ఏది అని తేల్చడం కష్టమయ్యేది కూడా అందుకే. నది ఏటేటా దారి మార్చుకుంది కాబట్టి ఒకే వరుసలో ఇరవై అడుగుల దూరంలో ఒకచోట మీటరు లోతు మట్టి, ఇంకోచోట జానెడు మట్టి కింద రాళ్ళు. సున్నం సంగతీ అంతే. వాన బాగా పడే చోట నీళ్ళు దాన్ని కరిగించి లోతుకు కొట్టుకుపోతాయి. ఎడారిలో వచ్చిన కొద్ది తడి కొంత లోతు దిగి అక్కడే ఆవిరైపోతుంది, సున్నం రాళ్ళ అడుగున పేరుకుంటుంది.

మరి తీగకు దీనివల్ల ఏం జరుగుతుంది? ఆ రాళ్ళ నేల నీళ్ళను పట్టి ఉంచుకోదు. సారం చాలా తక్కువ. మా నాన్నగారు అనాబ్‌షాహి పందిరికి బండ్లకు బండ్లు పశువుల ఎరువు తోలించేవారు, తీగ కొమ్మలు వేసి పందిరంతా కమ్మేస్తే మురిసిపోయేవారు. తినే పండుకి అది సరైనదే. వైన్ ద్రాక్షకు మాత్రం తీగ కాస్త ఆకలిగా ఉండాలి. ఆకు తక్కువ, కొమ్మ కురచ, పండు చిన్నది. పండు చిన్నదైతే రసానికి తొక్క పాళ్ళు పెరుగుతాయి. అడ్డుకొలత సగమైతే అంతే రసానికి తొక్క రెట్టింపు. రంగు, వగరు, వాసన ఎక్కువగా ఉండేది తొక్కలో కాబట్టి వైన్ చిక్కబడుతుంది. ఆద్రియానా తోటలోనే వైట్ బోన్స్, వైట్ స్టోన్స్ అని షార్డొనే అనే తెల్ల ద్రాక్ష వేసిన రెండు ముక్కలున్నాయి. రకం ఒకటే, ఎత్తు ఒకటే. ఒకదాని కింద సున్నపు పొరలు, పాత జంతువుల ఎముకల అవశేషాలు, రెండోదాని కింద గుండ్రటి తెల్లరాళ్ళు. వాటి వైన్లను విడివిడిగా సీసాలకెత్తుతారు, అంత తేడా ఉంటుంది కాబట్టి.

ఒక అపోహ మాత్రం తీసేయాలి. సున్నపు రాయి రుచి వేళ్ళ గుండా పండులోకి ఎక్కుతుందని చాలామంది రాస్తుంటారు. అలా జరగదు. వేరు పీల్చేది నీళ్ళలో కరిగిన లవణాలను, అదీ చాలా కొద్ది మోతాదులో. వాటికి రాయి రుచేమీ ఉండదు. నేల పనిచేసేది నీళ్ళ మీద, వేళ్ళ లోతు మీద, తీగ జోరు మీద. సున్నం ఎక్కువైతే మేలుకి మించి కీడు కూడా ఉంది. ఇనుము అందక ఈనెలు పచ్చగా, మధ్యలో ఆకు పసుపుగా మారుతుంది. అనంతపురం చీనీ తోటల్లో సున్నపు నేలల మీద మీరు చూసే జబ్బే అది.

నీళ్ళ మాట చెప్పకుండా మెండోసా గురించి చెప్పలేం. స్పానిష్ వాళ్ళు రాకముందే అక్కడి వార్పే ప్రజలు కాలువలు తవ్వుకున్నారు. ఇప్పటికీ ఊరి వీధుల పక్కన అసేకియా అనే చిన్న కాలువలు పారుతుంటాయి, పొలానికి వంతుల వారీగా నీళ్ళు వస్తాయి. 1884 నాటి నీటి చట్టం ప్రకారం నీటి హక్కు భూమికి అతుక్కుని ఉంటుంది, విడిగా అమ్ముకోలేరు. పై వాలుల్లో కాలువలు ఎక్కవు. అక్కడి తోటలు బోర్ల మీద, డ్రిప్ మీద నిలబడ్డాయి. డ్రిప్ రాకపోయి ఉంటే 1,400 మీటర్ల మాల్బెక్ కూడా ఉండేది కాదు. కాయ కట్టినప్పటి నుంచి రంగు తిరిగే దాకా నీళ్ళు కావాలనే బిగబట్టి ఇస్తాం, పండు చిన్నదిగా ఉండడానికి. వాన రాదని తెలుసు కాబట్టి, కింద రాళ్ళున్నాయి కాబట్టి అది సాధ్యం. ఇవాళ ఆపితే నాలుగు రోజుల్లో తీగకు తెలిసిపోతుంది. నల్లరేగడిలో ఆపితే నెలైనా తెలియదు. అయితే 2010 నుంచి ఆండీస్ మీద మంచు కురవడం బాగా తగ్గింది. ఆ భయం అక్కడి ప్రతి రైతు ముఖంలోనూ చూశాను.

ఎత్తు ఊరికే ఇవ్వదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పర్వతం మీంచి సోండా అనే వేడి గాలి దిగుతుంది. ఒక్క పూటలో వేసవి వచ్చినట్టుంటుంది. తీగ మోసపోయి చిగుళ్ళు వేస్తుంది. ఆ వెనకే దక్షిణం నుంచి చలిగాలి వస్తుంది. 2022 అక్టోబరు 31, నవంబరు 1 తేదీల్లో మెండోసాని దెబ్బకొట్టిన మంచు అలాంటిదే, అదీ చిగుళ్ళు బాగా పెరిగాక. ఆ రాత్రి తోటలో డబ్బాల్లో నూనె మండిస్తూ వరుసల మధ్య తిరిగాం. తెల్లారి చూస్తే వాలు మీది వరుసలు బతికాయి. పల్లంలోవి మాత్రం ఉడికించిన తోటకూరలా నల్లబడి వేలాడుతున్నాయి. చల్లగాలి నీళ్ళలాగే పల్లానికి పారి మడుగు కడుతుంది, ఈ సంగతి మీకు తర్వాత పనికొస్తుంది. ఇక వడగళ్ళు. నేను పనిచేసిన ఒక తోటలో వల వేయడం మరుసటి ఏడాదికి వాయిదా వేశారు. జనవరిలో ఒక సాయంత్రం పది నిమిషాలు కురిసింది, ఆ ఏడాది కోతే లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. ఎత్తును ఒంటరి అంకెగా చదవకూడదు, అక్షాంశంతో కలిపి చదవాలి. అర్జెంటీనా ఉత్తరాన సాల్తా రాష్ట్రంలో కఫయాతే తోటలు సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. అది భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అంత ఎత్తులో కూడా గ్వాల్తయారి కంటే వెచ్చన. అదే రాష్ట్రంలో కొలొమే అనే వైనరీ వాళ్ళ తోట ఒకటి 3,111 మీటర్ల ఎత్తులో ఉంది. హార్స్‌లీ కొండ శిఖరం సుమారు 1,265 మీటర్లు, అక్షాంశం 13 డిగ్రీల చిల్లర. మీ పొలం కొండ పక్కన, అంటే అంతకన్నా బాగా కింద. చలికాలం తీగను పూర్తిగా నిద్రపుచ్చేంత చలి మీకు రాదు. నిద్ర లేని తీగ ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. అందుకే మనం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి దాన్ని దారిలో పెడతాం. పైగా మీకు నైరుతి, ఈశాన్యం రెండు వానలూ ఉన్నాయి. తేమ గాలి, మబ్బు ఉంటే రాత్రి వేడి పైకి పోదు, పగలూ రాత్రీ తేడా కుదించుకుపోతుంది. కాబట్టి కొండ ఉన్నంత మాత్రాన మెండోసా పండు రాదు. ఇది మీకు ఆశాభంగమే, కానీ తీగలు నాటాక తెలియడం కన్నా ఇప్పుడు తెలియడం నయం.

అయితే మన దక్కన్‌కి వేరే దారి ఉంది. అక్కడ ఎత్తు చేసే పనిని ఇక్కడ క్యాలెండర్ చేత చేయించుకోవచ్చు. నాసిక్ తోటలు సుమారు 600 మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. వాళ్ళు పండ్ల కత్తిరింపును సెప్టెంబరు, అక్టోబరులకు తెచ్చి, పండు పక్వానికి వచ్చే రోజులను జనవరి నుంచి మార్చి మధ్యలో పడేలా చూస్తారు. ఆకాశం తేటగా ఉండి, పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉండే రోజులవి. ఎండనూ వేడినీ విడదీయడం అంటే ఇదే. బెంగళూరు పక్కన నంది కొండల కింద గ్రోవర్ వాళ్ళ తోటలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి, మీకు మూడు గంటల దూరం లేదు. ముందు అవి చూసి రండి.

మీ దగ్గరి చిక్కు ఈశాన్య వానలు. సెప్టెంబరులో కత్తిరిస్తే పండు చల్లటి జనవరిలో పక్వమవుతుంది, కానీ పూత అక్టోబరు, నవంబరు ముసురులో ఇరుక్కుంటుంది. బూజు తెగులు, పక్షికన్ను తెగులు రెండూ కమ్ముకుంటాయి. అక్టోబరు చివర కత్తిరిస్తే పూత కాస్త తప్పించుకుంటుంది, పండు మార్చి వేడిలో పడుతుంది. రెండిట్లో నేనైతే అక్టోబరు రెండో సగానికే మొగ్గుతాను. తెగులు పడితే పంటే పోతుంది, మార్చి వేడికి పులుపు కొంత తగ్గినా పంట మిగులుతుంది.

రకం విషయంలో మాల్బెక్ మీద మనసు పెట్టుకోకండి. పూత సమయంలో చలీ తడీ ఉంటే పిందె కట్టకుండా రాల్చేసే గుణం దానికుంది, బూజు తెగులుకీ లొంగుతుంది. షిరాజ్, షెనిన్ బ్లాంక్ మన దక్కన్‌లో నిలదొక్కుకున్న రకాలు. నాలుగెకరాలూ వేయకుండా అరెకరంతో మొదలుపెట్టి, కొనే వైనరీతో కాగితం మీద ఒప్పందం చేసుకున్నాకే విస్తరించండి. వేరుమూలంగా (అంటే తీగను అంటుకట్టే అడుగు మొక్కగా) డాగ్‌రిడ్జ్ రకం ఊరంతా దొరుకుతుంది. బోరు నీళ్ళలో ఉప్పు ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు. అది తీగను విపరీతంగా పెంచుతుంది, పొటాషియం ఎక్కువ లాగి పులుపు తగ్గిస్తుంది. నీళ్ళు బాగుంటే 110ఆర్ అనే వేరుమూలం అడగండి.

నేల విషయంలో మీరు అదృష్టవంతులే. కొండ పక్కన గరప నేల అన్నారు. అందులో సాధారణంగా సున్నం ఉండదు, దాని కోసం బెంగపడాల్సిన పని లేదు. నీళ్ళు నిలవకపోవడమే మనకు కావలసింది. కానీ పైకి గరపగా కనిపించి కింద బంకపొర ఉండే నేలలు ఆ వైపు ఉంటాయి. అందుకని ఈ వానలకు ముందే పొలంలో మూడు చోట్ల, గట్టున ఒకటి, నడుమ ఒకటి, పల్లంలో ఒకటి, ఒకటిన్నర మీటరు లోతు గోతులు తీయించండి. ఇప్పుడున్న చెట్ల వేళ్ళు ఎంత లోతు దిగాయో, ఎక్కడ అడ్డం తిరిగాయో చూడండి. పెద్ద వాన పడ్డాక గోతిలో నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయో రాసి పెట్టండి. డిసెంబరు నుంచి మార్చి దాకా గట్టున ఒక థర్మామీటరు, పల్లంలో ఒకటి కట్టి రోజూ తెల్లవారుజాము అంకె నోట్ చేయండి. మంచు దెబ్బ మీకు లేదు కాబట్టి, మెండోసాలో తీగల్ని చంపిన ఆ పల్లపు చలి మీకు చుట్టమవుతుంది. పండే నెలలో పల్లం రెండు డిగ్రీలు చల్లగా తేలి, గోతిలో నీళ్ళు నిలవకపోతే మీ అరెకరం అక్కడే వేయండి. ఆ గోతుల ఫోటోలు, పక్కన కొలత కోసం గడ్డపార పెట్టి తీసినవి, పంపిస్తే నేను చూసి చెప్తాను.